గ్రీన్లాండు భాష నేర్చుకుంటానన్న మేనకోడలికి

బుజ్జీ,

గ్రీన్లాండు రాజధాని నూక్ వెళ్లి అక్కడి భాష నేర్చుకుంటావట, మీ అమ్మ ఫోన్ చేసింది. గర్వంగా ఉంది, బెంగగానూ ఉంది. చలి సంగతి మీ అమ్మ చూసుకుంటుందిలే. నా భయం వేరు.

అక్కడ కూడా ఇంటిని ఇల్లు అనే అంటారు. ఉత్త కాకతాళీయం. దాన్ని పట్టుకుని వాళ్లకూ మనకూ చుట్టరికం కలిపావంటే నీతో మాట్లాడను. పైగా ఆ 'ల్ల' మనది కాదు. నాలుకను ల దగ్గరే ఉంచి, నాదం లేకుండా గాలిని పక్కలనుంచి బుసకొట్టించాలి.

పుస్తకాలు 1973 స్పెల్లింగు సంస్కరణ తర్వాతివే కొను. గొంతు లోతులో పుట్టే 'క'ను ఇక్కడ ఖ అని రాస్తున్నాను, ఒత్తి పలక్కు.

ఇల్లుకు 'ఖర్' చేర్చి చివర 'పొఖ్' పెడితే ఇల్లొఖర్పొఖ్: ఇల్లుంది. ఖ ముందు ఉ కాస్తా ఒ అయింది, చూశావా? 'లియొర్' చేరిస్తే ఇల్లులియొర్పొఖ్: ఇల్లు కడుతోంది. ఆ 'పొఖ్'లో ఆడా మగా తేడా లేదు.

'చదవలేకపోతున్నాను' అని రోజూ అనే మనకు ప్రత్యయాలు కొత్తా? ఆ ధీమాయే ముంచుతుంది. అక్కడ కొన్ని ప్రత్యయాలు ముందున్న హల్లును ఉండనిస్తాయి, కొన్ని మింగేస్తాయి. అతువర్పొఖ్ అంటే చదువుతోంది. 'గల' అర్థమిచ్చే సిన్నా చేరితే అతువర్సిన్నావొఖ్; ర్ నిలిచింది (అచ్చు తర్వాత పొఖ్ కాస్తా వొఖ్ అవుతుంది). మొదలుపెట్టడానికి లెర్: అతువలెర్పొఖ్, ర్ పోయింది. వ్యతిరేకార్థానికి ఙ్ఙి (మన ఙకు ఇన్నాళ్లకు పని దొరికింది): అతువఙ్ఙిలఖ్, చదవదు. ర్ పోవడమే కాదు, చివరి పొఖ్ కూడా లఖ్ అయింది.

ఏది మింగుతుందో అర్థాన్ని బట్టి తెలియదు. అందుకే ప్రత్యయాన్ని ఒంటరిగా బట్టీ పట్టొద్దని నెత్తీనోరూ కొట్టుకునేది. అందరూ తినడానికున్న 'నెరి'తో సాధన చేస్తారు: నెరివొఖ్, నెరిసిన్నావొఖ్, నెరిలెర్పొఖ్, నెరిఙ్ఙిలఖ్. అన్నీ సాఫీగా వస్తాయి. నెరి అచ్చుతో ముగుస్తుంది, మింగడానికి హల్లేదీ? నెలల తరబడి తప్పు బయటపడదు. పడేసరికి నోటికి అలవాటైపోయుంటుంది, ఇక వదలదు. కాబట్టి ప్రతి ప్రత్యయాన్నీ నెరి పక్కన, అతువర్ పక్కన, రెండుచోట్లా రాసుకో తల్లీ.

వరుసకు దిగులక్కర్లేదు, మన తీరే: నెరి, సిన్నా, ఙ్ఙి, లఖ్ కలిపితే నెరిసిన్నాఙ్ఙిలఖ్, తినలేదు, అంటే తినగలిగే స్థితిలో లేదని.

విమానాన్ని వాళ్లు తిమ్మిసర్తొఖ్ అంటారు. తిమ్మి ఎగరడం, సర్ అలవాటు, తొఖ్ చేసేది. ఆ సర్ అసలు తర్. ఇక్కడ ఎందుకు మారిందో, అతువర్ పక్కన ఏమవుతుందో ఎక్కేలోపు ఆలోచించు. దిగాక ఫోన్ చేసి చెప్పు, ఇక్కడ ఎంత రాత్రయినా సరే.

మామయ్య