పేరు పిలిచినా పలకని కారు స్టీరియో

పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

ప్రశ్న: నేను గుంటూరు బ్రాడీపేటలో ఉంటాను. విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర ఉన్న మా కార్యాలయానికి వారానికి ఐదు రోజులు కారులో వెళ్లి వస్తాను. ఫోన్ చేతిలోకి తీసుకోవలసిన పని ఉండదు కదా అని ఆరు నెలల క్రితం నావిగేషన్ ఉన్న టచ్‌స్క్రీన్ స్టీరియో పెట్టించుకున్నాను. స్టీరింగ్ మీది బటన్ నొక్కి 'కాల్ పద్మ వదిన' అంటే అలాంటి పేరే లేదంటుంది. 'కాల్ నాన్న' అంటే ఒకసారి నానాజీ అనే ఎలక్ట్రీషియన్‌కు కలిపింది, ఆయన పాపం నిద్రలో లేచి మాట్లాడారు. ఇదే పేరును మా అమ్మాయి ఇంగ్లీషు సినిమాల యాసలో 'న్యానా' అని పలికితే మాత్రం వెంటనే కలుపుతుంది. లోపం నా ఉచ్చారణలో ఉందా, స్టీరియోలో ఉందా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: మీ ఉచ్చారణలో ఏ లోపమూ లేదు. ముందుగా ఈ మాట గట్టిగా చెప్పాలి, ఎందుకంటే ఈ స్టీరియోలతో వేగలేక తమ నోరే తిరగడం లేదేమోనని బాధపడే వారి ఉత్తరాలు మాకు తరచుగా వస్తున్నాయి. మీ అమ్మాయి చేసిన పరీక్షలోనే అసలు కారణం ఉంది.

ఫోన్‌ను బ్లూటూత్ ద్వారా స్టీరియోకు జత చేసినప్పుడు మీ ఫోన్‌బుక్ అందులోకి వెళుతుంది. సొంతంగా మాట గుర్తించే స్టీరియో అయితే, ఆ జాబితాలోని ప్రతి పేరునూ అక్షరాలను బట్టి ఎలా పలుకుతారో ముందే ఊహించి పెట్టుకుని, మీరు మాట్లాడినప్పుడు ఆ ఊహలలో దేనికి దగ్గరగా ఉందో చూస్తుంది. ఆ ఊహ అంతా స్టీరియోలో పెట్టిన భాష ప్రకారం, అంటే దాదాపు ఎప్పుడూ ఇంగ్లీషు పద్ధతిలో సాగుతుంది. మనం పేర్లను ఇంగ్లీషు అక్షరాలలో దాచుకుంటాం. 'వి, ఏ, డి, ఐ, ఎన్, ఏ' అని రాసిన వదినను ఆ యంత్రం 'వడైనా' అని చదువుకుని ఉండవచ్చు. హ్రస్వానికీ దీర్ఘానికీ, తకారానికీ టకారానికీ, ళకారానికీ లకారానికీ తెలుగులో ఉన్న తేడాను ఆ అక్షరాలు చూపలేవు. కనుక మీరు ఎంత స్పష్టంగా 'వదిన' అంటే యంత్రం దాచుకున్న రూపానికి అంత దూరం జరుగుతారు. గొంతు పెంచి అరిస్తే మాట మరింత వికృతమవుతుందే తప్ప ప్రయోజనం ఉండదు.

నాన్న, అమ్మ, బావ వంటి చిన్న పేర్లతో చిక్కు ఇంకా ఎక్కువ. రెండే అక్షరాల మాటలో యంత్రానికి దొరికే ఆనవాళ్లు తక్కువ కావడం వల్ల దానికి దగ్గరగా ఉన్న మరో పేరు మీదికి పోతుంది. నానాజీ గారి నిద్ర చెడింది అందువల్లనే.

కాబట్టి మార్చవలసింది ఫోన్‌బుక్‌ను. వందల పేర్లను మార్చనక్కరలేదు, కారులో ఉండగా మీరు పిలిచేవారు బహుశా పది మందికి మించరు. ఆ పది మందికీ పొడవైన, రెండు మాటల పేర్లు పెట్టండి. 'నాన్న' బదులు 'నాన్న హోమ్' అనీ, 'పద్మ వదిన' బదులు 'పద్మ హైదరాబాద్' అనీ రాసుకుంటే రెండో మాటను యంత్రం సులువుగా పట్టుకుంటుంది, దాని సాయంతో మొదటిదీ తేలుతుంది. పాత పేరు చెరపడం ఇష్టం లేకపోతే అదే నంబరును కొత్త పేరుతో మరోసారి దాచుకోండి. మన అలవాటు ప్రకారం ఇంటిపేరు పొడి అక్షరాలు ముందు పెట్టి 'కె.వి. సుబ్బారావు' అని రాసుకుని, పిలిచేటప్పుడు 'సుబ్బారావు' అని మాత్రమే అంటే కొన్ని స్టీరియోలు ఒప్పుకోవు. పేరులో బొమ్మలు, చుక్కలు ఉంటే తీసివేయండి. తెలుగు లిపిలో దాచిన పేర్లు తెలుగు రాని స్టీరియోలో ఖాళీ గళ్లుగా కనిపిస్తాయి, వాటిని మాటతో పిలవడం సాధ్యం కాదు. మన లిపిలో రాసుకున్న పేరును మన ఊళ్లో అమ్మే పరికరమే చదవలేకపోవడం నాకు నిజంగా బాధ కలిగించే విషయం.

పేర్లు మార్చిన వెంటనే ఫలితం కనిపించకపోవచ్చు. చాలా స్టీరియోలలో ఫోన్‌బుక్‌ను మళ్లీ దింపుకోమని చెప్పాలి. అలాంటి ఏర్పాటు కనబడకపోతే ఫోన్‌లోనూ స్టీరియోలోనూ జతను తొలగించి కొత్తగా కలపండి. అప్పుడు కాంటాక్ట్‌లను పంచుకోవచ్చా అని ఫోన్ అడుగుతుంది. తొందరలో దానికి కాదని నొక్కినవారే ఎక్కువ.

మీ స్టీరియోలో ఆండ్రాయిడ్ ఆటో గాని, కార్‌ప్లే గాని ఉంటే ఇంత శ్రమ కూడా అక్కరలేదు. ఇవి ఫోన్‌లోని యాప్‌లను స్టీరియో తెర మీద వాడుకునే ఏర్పాట్లు, మొదటిది ఆండ్రాయిడ్ ఫోన్లకు, రెండోది ఐఫోన్లకు. వీటిలో మాటను గుర్తించే పని స్టీరియోది కాదు, ఫోన్‌ది. ఫోన్‌లోని వాయిస్ భాషను ఇండియా ఇంగ్లీషుకు మార్చుకుంటే మన పేర్లను చాలా మెరుగ్గా పట్టుకుంటుంది. గూగుల్ కాంటాక్ట్స్‌లోనూ ఐఫోన్‌లోనూ పేరును ఎలా పలకాలో రాసుకోవడానికి వేరే గడి ఉంది, అక్కడ 'వదిన'ను పలికే తీరు రాసి చూడండి. చాలా ఫోన్లలో ఇందుకు నెట్ అందుతూ ఉండాలన్న సంగతి మాత్రం గుర్తుంచుకోవాలి. నా అభిప్రాయం అడిగితే స్టీరియో సొంత గుర్తింపుతో కుస్తీ పట్టడం కంటే ఈ దారే మేలు.

ప్రశ్న: నా స్టీరియో పేర్లు కొంతవరకు గుర్తిస్తుంది గాని, కాల్ కలిశాక అవతలివారు బావిలో నుంచి మాట్లాడుతున్నావా అంటున్నారు. అమర్చిన దుకాణంవారు ఫోన్‌దే తప్పంటున్నారు.
– ఒక పాఠకుడు, పటమట, విజయవాడ

జవాబు: ఫోన్‌ను అనుమానించే ముందు మైకు ఎక్కడ ఉందో చూడండి. ఈ మధ్య ఆటోనగర్‌లో ఒక షెడ్డులో ఇలాంటి ఫిర్యాదుతో వచ్చిన కారు స్టీరియోను విప్పుతుండగా నేను పక్కనే ఉన్నాను. శనగగింజంత మైకు, దాని పొడవాటి సన్నని తీగ కొన్ననాటి చుట్ట చుట్టినట్టే, ప్లాస్టిక్ టేపు కూడా ఊడకుండా డాష్‌బోర్డు వెనుక పడి ఉన్నాయి. ఆ కారు యజమాని అన్ని నెలలూ డాష్‌బోర్డు గోడతో మాట్లాడారన్నమాట. మెకానిక్ ఆ తీగను అద్దం పక్క స్తంభం లోపలి నుంచి పైకి లాగి, డ్రైవరు తల ముందు సన్‌వైజర్ దగ్గర అతికించారు. పని అరగంట కూడా పట్టలేదు. బయటి మైకు పెట్టాక స్టీరియో సెట్టింగులలో కూడా దానినే ఎంచుకోవాలి, లేకపోతే ముందు పలకలోని సన్నని రంధ్రం వెనుక ఉన్న మైకునే అది వాడుతూ ఉంటుంది.

మైకు సరిగా ఉన్నా ఏసీ గాలి నేరుగా దాని మీదికి కొడితే ఆ హోరు మాటను మింగేస్తుంది. బ్లోయర్ తగ్గించి, కిటికీలు మూసి, బీప్ వినిపించిన తరువాతే మాట్లాడండి, ముందే మొదలుపెడితే పేరులోని తొలి అక్షరం పోతుంది. అవతలివారికి తమ గొంతే తిరిగి వినిపిస్తుంటే స్పీకర్ల శబ్దం తగ్గించండి.

పాత స్టీరియోలకు ఇంకొక పరిమితి ఉంది. వాటి బ్లూటూత్ కాల్‌లో మాటను సెకనుకు 8,000 సార్లు మాత్రమే కొలుస్తారు, దానివల్ల అందులో సగానికి, అంటే 4,000 హెర్ట్జ్‌కు (సెకనుకు 4,000 కంపనాలకు) పైన ఉండే ధ్వనులు పోతాయి. స, ష, ఫ వంటి అక్షరాల పదును ఎక్కువగా అక్కడే ఉంటుంది. 2011లో వచ్చిన హ్యాండ్స్‌ఫ్రీ 1.6 అనే బ్లూటూత్ ప్రమాణంతో ఈ కొలత 16,000కు పెరిగింది. ఫోన్, స్టీరియో రెండూ దానికి అనువుగా ఉంటేనే ఆ మేలు దక్కుతుంది, కనుక కొత్తది కొనేవారు ఈ సంగతి అడిగి తీసుకోవడం మంచిది.

ప్రశ్న: హ్యాండ్స్‌ఫ్రీలో మాట్లాడితే జరిమానా ఉండదంటారు. నిజమేనా? అలాగైతే కాజ టోల్ ప్లాజా నుంచి వారధి దాకా నిశ్చింతగా మాట్లాడుకోవచ్చా?
– ఒక పాఠకుడు, మంగళగిరి

జవాబు: 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్ నడిపేటప్పుడు చేతితో పట్టుకుని వాడే పరికరం గురించి చెబుతుంది. మొదటిసారి తప్పుకు రూ.1,000 నుంచి రూ.5,000 దాకా జరిమానా గాని, ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు గాని, రెండూ గాని పడవచ్చు. 2020 అక్టోబరు 1 నుంచి అమలైన నిబంధన ప్రకారం అలాంటి పరికరాన్ని దారి చూసుకోవడానికి మాత్రమే, అదీ డ్రైవరు ఏకాగ్రత చెడకుండా వాడాలి. స్టీరియో ద్వారా మాట్లాడడం చేతితో పట్టుకున్నట్టు కాదు.

నిశ్చింత మాట మాత్రం వేరు. అమెరికాలోని ఏఏఏ ఫౌండేషన్ ఫర్ ట్రాఫిక్ సేఫ్టీ 2015లో వెల్లడించిన అధ్యయనంలో, మాటతో ఆదేశం ఇచ్చే పని ముగిసిన తరువాత కూడా డ్రైవరు ధ్యాస పూర్తిగా రోడ్డు మీదికి తిరిగి రావడానికి 27 సెకన్ల దాకా పట్టవచ్చని తేలింది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారు అంతలో 450 మీటర్లు దాటిపోతుంది. పైగా పేరు పలకని స్టీరియో మీద కోపంతో మళ్లీ మళ్లీ పిలుస్తుంటే చూపు తెరమీదికి పోతుంది, అసలు ప్రమాదం అక్కడే ఉందని నా నమ్మకం. ఒకసారి పిలిచినప్పుడు కలవకపోతే ఆ కాల్ వదిలేయండి. తప్పనిసరి అయితే మంగళగిరి దగ్గర సర్వీసు రోడ్డులోకి దిగి, బండి పక్కన ఆపుకుని, చేత్తోనే నంబరు నొక్కండి.