ఎస్‌క్యూలైట్‌లో డెసిమల్ విలువలు ఎందుకు తేడా వస్తాయి? ఎస్‌క్యూఎల్‌ఆల్కెమీలో ఎలా సరిచేయాలి?

ఎస్‌క్యూలైట్ ఒక చిన్న డేటాబేస్, ఎస్‌క్యూఎల్‌ఆల్కెమీ పైథాన్ కోడ్‌ను డేటాబేస్‌తో కలిపే లైబ్రరీ. అందులో న్యూమరిక్ (దశాంశ సంఖ్యల) కాలమ్‌తో రాసిన మోడల్, అంటే టేబుల్‌ను వర్ణించే క్లాస్, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో సరిగా నడిచి, ఎస్‌క్యూలైట్‌లో మాత్రం డెసిమల్ విలువలు తేడా రావచ్చని హెచ్చరిక ఇస్తోందంటే తప్పు మీ మోడల్‌లో లేదు. ఎస్‌క్యూలైట్‌కు దశాంశ రకమే లేదు. డ్రైవర్ (డేటాబేస్‌తో మాట్లాడే భాగం) పంపేది ఫ్లోట్, అంటే దశాంశాలను ఉజ్జాయింపుగా దాచే సంఖ్య. దాన్ని ఎస్‌క్యూఎల్‌ఆల్కెమీ తిరిగి డెసిమల్‌గా (పైథాన్‌లోని ఖచ్చితమైన దశాంశ రకంగా) మారుస్తుంది. చదివేటప్పుడు విలువ బాగానే కనిపిస్తుంది, అసలు ప్రమాదం అక్కడే ఉంది. రెండు కాలమ్‌లలో 0.1, 0.2 ఉంచి, వాటి మొత్తం 0.3కు సమానమా అని క్వెరీలోనే అడగండి: కాదంటుంది.

ఆ హెచ్చరికను దయచేసి అణచివేయకండి. టైప్‌డెకరేటర్‌తో (ఎస్‌క్యూఎల్‌ఆల్కెమీలో సొంత కాలమ్ రకం తయారుచేసే క్లాస్) సొంత రకం రాసుకోండి: దాచేటప్పుడు 19.99ని 1999 అనే పూర్ణాంకంగా మార్చాలి, చదివేటప్పుడు డెసిమల్‌గా మార్చి 100తో భాగించాలి. స్ట్రింగ్‌గానూ (అక్షరాలుగా) దాచవచ్చు కానీ అప్పుడు "9" కంటే "10" ముందు వస్తుంది, వరుసక్రమం చెడుతుంది. కాలమ్‌ను న్యూమరిక్‌గానే ఉంచి స్ట్రింగ్ పంపితే ఏ ప్రయోజనమూ లేదు. ఎస్‌క్యూలైట్ దాన్ని మళ్లీ సంఖ్యగా మార్చేస్తుంది.