తవుడు నూనె మానేయాలా?

ప్రశ్న: రెండేళ్లుగా మా ఇంట్లో తవుడు నూనెతోనే వంట. జపాన్‌లో ఈ నూనె తిని వేలమంది జీవితాంతం రోగాలపాలయ్యారని వాట్సాప్‌లో వచ్చింది. నిజమేనా? – ఒక గృహిణి, తణుకు

జవాబు: రోగం నిజమే, కానీ అది తవుడు వల్ల వచ్చింది కాదు. తవుడు నూనెకున్న వాసన పోగొట్టడానికి శుద్ధి చివర్లో దాన్ని 200 డిగ్రీలు దాటించి కాస్తారు. జపాన్‌లోని కిటాక్యూషూ నగరంలో ఉన్న కనెమి ఫ్యాక్టరీలో ఆ వేడికోసం తొట్టె లోపలి గొట్టపు చుట్టల్లో పీసీబీ అనే రసాయనాన్ని తిప్పేవారు. గొట్టాలకు చిల్లులుపడి 1968లో అది నూనెలోకి దిగింది. కిలో నూనెలో దాదాపు గ్రాము! పైగా కాగి కాగి అందులో కొంత ఫ్యూరాన్లనే ఇంకా ఘాటైన విషాలుగా మారింది. ఎక్కువ హాని చేసింది ఇవే.

ముందు చచ్చింది కోళ్లు. ఆ ఫ్యాక్టరీలో నూనె శుద్ధిచేయగా మిగిలిన నల్లటి నూనె కలిపిన దాణా తిని ఫిబ్రవరి, మార్చి నెలల్లో లక్షల కోళ్లు పోయాయి. అప్పుడే మనుషులు తినే నూనెనూ పరీక్షించి ఉంటే సరిపోయేది. అక్టోబరుదాకా ఆ పని జరగలేదు. ఈలోగా జనం ఒంటినిండా నల్లటి మొటిమలు, గోళ్లకూ చిగుళ్లకూ నలుపు, కళ్లలో పుసి, చేతులూ కాళ్లూ తిమ్మిర్లతో ఆస్పత్రులకు వస్తున్నారు. గర్భిణులు తింటే బిడ్డలు నల్లబారిన చర్మంతో పుట్టారు. యుషో (నూనె రోగం) అని పేరు పెట్టారు. గుర్తింపు పొందిన బాధితులే రెండువేలు దాటారు. మొటిమలు కాలక్రమేణా తగ్గినా నీరసం, తలనొప్పి, తిమ్మిర్లు చాలామందిని వదల్లేదు. మగవాళ్లలో కాలేయ, ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాలు ఎక్కువగా కనిపించాయి. 1979లో తైవాన్‌లో అచ్చం ఇలాగే జరిగింది. అక్కడ తల్లి కడుపులో ఉండగా విషం సోకిన పిల్లలు చదువులోనూ తెలివిలోనూ వెనకబడ్డారు.

మీరు నూనె మానక్కర్లేదు. వాసన తీసే తొట్టెలను ఇప్పుడు అధిక పీడన ఆవిరితో వేడిచేసే పద్ధతి ఉంది. అందులో గొట్టం పగిలినా లోపలికి వచ్చేది నీటి ఆవిరే. మీరు చేయాల్సిందల్లా విడి నూనె కొనకపోవడం, బ్యాచ్ నంబరు, 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్సు నంబరు చూడడం, నూనె అయిపోయేదాకా ఖాళీ ప్యాకెట్ దాచడం. ఏదైనా తేడా వస్తే ఏ రోజు సరుకో తేల్చేది బ్యాచ్ నంబరే. అన్నట్టు, పాత ట్రాన్స్‌ఫార్మర్లలోని నూనెలో పీసీబీ ఉండొచ్చు. ఎవరైనా చవగ్గా ఇచ్చినా వంటకే కాదు, కీళ్లనొప్పులకు రాసుకోవడానికీ పనికిరాదు.

ప్రశ్న: ఇలాంటి విషాలు ఉపవాసంతో, డిటాక్స్ పొడులతో పోతాయా? – ఒక పాఠకుడు, నిజామాబాద్

జవాబు: పోవు. పీసీబీ, ఫ్యూరాన్లు నీళ్లలో కరగవు, కొవ్వులో చేరి కూర్చుంటాయి. పైత్యరసంతో కొంత పేగులోకి వచ్చినా, బయటికి పోకముందే పేగు మళ్లీ పీల్చేసుకుంటుంది. అందుకే సగం తగ్గడానికే ఏళ్లు పడుతుంది. కఠిన ఉపవాసంతో ఒక్కసారిగా చిక్కితే కరిగిన కొవ్వులోని విషం రక్తంలోకి వస్తుంది. యుషో రోగులకు పేగులోనే విషాన్ని పట్టేసే కొలెస్టిరమిన్ మందుతోపాటు తవుడు పీచు ఇచ్చి చూశారు. విసర్జన కొంత పెరిగిందే తప్ప రోగం కుదరలేదు. విషం దాగిన నూనె తవుడుదే, దాన్ని లాగడానికి వాడిందీ తవుడే, చూడండి!

ప్రశ్న: గానుగ నూనెకు మారితే ఏ భయమూ ఉండదు కదా? – ఒక పాఠకురాలు, అనకాపల్లి

జవాబు: వాసన తీసే తొట్టె ఉండదు కాబట్టి ఈ ప్రమాదం ఉండదు. కానీ బూజుపట్టిన వేరుసెనగ గింజలు ఆడిస్తే అఫ్లటాక్సిన్ అనే బూజు విషం కొంత నూనెలోకి వస్తుంది, శుద్ధి లేదు గనక అందులోనే ఉండిపోతుంది. గింజలు మీరే ఏరి, ముడుచుకుపోయినవీ రంగు మారినవీ తీసేసి ఆడించుకోండి. తవుడును మాత్రం గానుగలో ఆడించాలని చూడకండి. బియ్యం మరపట్టిన కొద్ది గంటల్లోనే అందులోని నూనె చెడడం మొదలవుతుంది.