మామయ్యకు నడక వచ్చింది, చిల్లర లెక్క రావట్లేదు... నేను ఏ కోర్సు చదవాలి?

ప్రశ్న: ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరం చదువుతున్నాను. రెండేళ్ల కింద మా మామయ్యకు బైక్ యాక్సిడెంట్‌లో తలకు దెబ్బ తగిలింది. ఆపరేషన్ చేశారు, ఫిజియోథెరపీతో నడక వచ్చింది. కానీ ఆయన కిరాణా షాపులో చిల్లర తప్పు ఇస్తున్నాడు, స్టవ్ కట్టేయడం మర్చిపోతున్నాడు, చిన్న మాటకే కోపం తెచ్చుకుంటున్నాడు. ఇలాంటి వాళ్లకు పనికొచ్చే చదువు చదవాలని ఉంది. ఎంబీబీఎస్ సీటు వచ్చేంత ర్యాంకు రాదనుకుంటున్నాను. నాన్న ఫిజియోథెరపీ చేయమంటున్నారు. అదేనా, ఇంకేమైనా ఉందా?
- ఒక విద్యార్థిని, ఖమ్మం జిల్లా

జవాబు: మీరు రాసిన స్టవ్ సంగతి, చిల్లర సంగతి రెండుసార్లు చదివాను. నడక వస్తే మనిషి కోలుకున్నట్టేనని ఊరంతా అనుకుంటుంది. అసలు కష్టం ఆ తర్వాతే మొదలవుతుందని ఇంట్లోవాళ్లకే తెలుస్తుంది. మెదడు ముందు భాగం దెబ్బతింటే కాళ్లూ చేతులూ బాగానే పనిచేయొచ్చు. ఒక పనిని వరుసలో చేయడం, మధ్యలో వదిలేసింది గుర్తుంచుకోవడం, కోపాన్ని ఆపుకోవడం మాత్రం కష్టమవుతాయి. బయటివాళ్లకు అది మొండితనంలా కనిపిస్తుంది. మీ అత్తయ్యకు ముందు ఈ ఒక్క మాట చెప్పండి: ఆయన కావాలని చేయట్లేదు.

ఈ కష్టాన్ని పట్టించుకున్న వైద్యం కొత్తదేం కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో తలకు గాయాలైన సైనికులను జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో చూసిన నరాల డాక్టర్ కర్ట్ గోల్డ్‌స్టీన్, గాయం మానడంతో తన పని అయిపోయిందనుకోలేదు. వాళ్లు మళ్లీ ఏ పని చేసి బతకగలరో కూడా చూశాడు. 1970లలో సైకాలజిస్టు యెహూదా బెన్-యిషాయ్ ముందు ఇజ్రాయెల్‌లో, తర్వాత న్యూయార్క్‌లో, ఇలాంటి పేషెంట్లను చిన్న బృందంగా పగలంతా ఒకచోట ఉంచి జ్ఞాపకశక్తి, ప్రవర్తన, నలుగురితో మెలగడం, ఉద్యోగం అన్నీ కలిపి చూసే పద్ధతి నడిపాడు. సైకాలజిస్టు బార్బరా విల్సన్ 1996లో ఇంగ్లండ్‌లోని ఈలీలో, మెదడుకు దెబ్బ తగిలినవాళ్ల కోసం ఆలివర్ జాంగ్‌విల్ సెంటర్ మొదలుపెట్టింది కూడా ఈ దారిలోనే. హోలిస్టిక్ రిహాబిలిటేషన్, అంటే మనిషిని అన్ని వైపుల నుంచీ చూసి మళ్లీ నిలబెట్టే పునరావాసం, ఇదే. అదే మాట వాడి తైలాలు, పొడులు అమ్మేవాళ్లు కూడా ఉన్నారు, జాగ్రత్త. వాటికీ దీనికీ సంబంధం లేదు.

ఒక ఆస్పత్రి రిహాబ్ విభాగంలో నేను చూసింది చెబుతాను. తలకు దెబ్బ తగిలిన ఆటోడ్రైవర్‌ని టీ పెట్టమన్నారు. గిన్నెలో నీళ్లు పోశాడు, స్టవ్ వెలిగించాడు, చక్కెర వేశాడు, కాసేపటికి మళ్లీ చక్కెర వేశాడు, టీపొడి డబ్బా పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఆయన ఏ కాలి మీద బరువు వేస్తున్నాడో ఫిజియోథెరపిస్టు చూస్తోంది. చేతిలో ఉన్నదేంటని స్పీచ్ థెరపిస్టు అడిగితే "అదే... నల్లగా... వేస్తాం కదా" అన్నాడు. బయట ట్రాలీ చప్పుడైనప్పుడు ఆయన దృష్టి ఎంతసేపు అటు పోయిందో సైకాలజిస్టు రాసుకున్నారు. మర్నాడు ఆక్యుపేషనల్ థెరపిస్టు, అంటే రోజువారీ పనులు మళ్లీ చేసుకునేలా నేర్పే మనిషి, స్టవ్ పైన గోడకు ఐదు బొమ్మలు అంటించింది: నీళ్లు, పొడి, చక్కెర, పాలు, చివర్లో స్టవ్ ఆఫ్. మూడో వారంలో ఆయన ఆ బొమ్మలు చూసుకుంటూ టీ పెట్టి భార్యకు ఇచ్చాడు. ఆమె తాగకుండా గ్లాసు పట్టుకుని చాలాసేపు కూర్చుంది.

నలుగురూ చూసింది ఒకే టీ. ఆ సాయంత్రం ఆమెను కూడా పక్కన కూర్చోబెట్టుకుని, తర్వాత ఏం నేర్పాలో కలిసి రాసుకున్నారు. ఎవరి గదిలో వాళ్లు అరగంట చేయించి పంపేస్తే ఆ టీ అయ్యేది కాదని నా నమ్మకం.

ఇక మీ చదువు. నాన్నగారు చెప్పిన ఫిజియోథెరపీ మంచి కోర్సే, తెలుగు రాష్ట్రాల్లో కాలేజీలూ చాలా ఉన్నాయి, హైదరాబాద్ నిమ్స్‌లోనూ ఉంది. కానీ మీ మనసు నడక మీద కంటే చిల్లర మీద, స్టవ్ మీద ఉంది. అది ఆక్యుపేషనల్ థెరపీ పని. అందుకే నా ఓటు దానికే. పేరు తెలియక మన పిల్లలు ఈ కోర్సును వదిలేస్తున్నారు, అది నాకు బాధగా ఉంటుంది. ఇంటర్న్‌షిప్‌తో కలిపి సుమారు ఐదేళ్లు అనుకోండి. మన దగ్గర కాలేజీలు తక్కువ కాబట్టి బయటికి వెళ్లడానికి సిద్ధపడాలి: ఒడిశాలో కటక్ దగ్గర ఓలట్‌పూర్‌లోని స్వామి వివేకానంద జాతీయ పునరావాస శిక్షణ, పరిశోధన సంస్థ, కోల్‌కతాలోని లోకోమోటర్ డిసెబిలిటీస్ (కదలికల వైకల్యాల) జాతీయ సంస్థ, వెల్లూరు సీఎంసీ చూడండి.

మాట పోయినవాళ్లకు మాట తెప్పించే పని నచ్చితే బీఏఎస్ఎల్‌పీ అనే వినికిడి, మాట సమస్యల డిగ్రీ ఉంది. మైసూరులో 1965లో పెట్టిన ఆలిండియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పీచ్ అండ్ హియరింగ్ దీనికి పేరున్న చోటు. ఇందులో తెలుగు బాగా వచ్చినవాళ్ల అవసరం చాలా ఉంది. రోలు, చేట, దోసె పెనం చూసి పెరిగిన పేషెంటుకు ఇంగ్లిష్ పుస్తకంలోని టోస్టర్ బొమ్మ చూపించి పేరు చెప్పమంటే ఏం తెలుస్తుంది? మెదడు దెబ్బతింటే జ్ఞాపకం, ఆలోచన, ప్రవర్తన ఎలా మారతాయో చూసే న్యూరోసైకాలజీ అయితే దారి పొడవు: సైకాలజీ డిగ్రీ, పీజీ, ఆపైన క్లినికల్ సైకాలజీ శిక్షణ. బెంగళూరు నిమ్హాన్స్ లాంటి చోట్ల పోటీ గట్టిగా ఉంటుంది.

ఫీజు కట్టే ముందు గుర్తింపు చూసుకోండి. స్పీచ్, క్లినికల్ సైకాలజీ కోర్సులకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తింపు ఉండాలి. ఫిజియో, ఆక్యుపేషనల్ థెరపీ 2021 చట్టంతో వచ్చిన అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ జాతీయ కమిషన్ కిందికి వస్తాయి. ఈ కోర్సుల అడ్మిషన్ రూల్స్ కూడా మారుతున్నాయి కాబట్టి ఎంబీబీఎస్ రాదని నీట్ అప్లికేషన్ మాత్రం మానొద్దు. మొదటి రెండు మూడేళ్లు జీతం తక్కువగానే ఉంటుంది, ఇది నాన్నగారికి ముందే చెప్పండి. న్యూరో కేసుల్లో చేయి తిరిగాక పరిస్థితి మెరుగవుతుంది.

మీ మామయ్య విషయంలో రెండేళ్లు అయిపోయాయి కదా అని వదిలేయకండి. న్యూరోసైకాలజీ పరీక్షలు చేసే ఆస్పత్రికి ఒకసారి తీసుకెళ్లండి. వెళ్లే ముందు వారం రోజులు ఒక నోట్‌బుక్‌లో రాయండి: ఏ టైంలో చిల్లర తప్పింది, అప్పుడు షాపులో ఎంతమంది ఉన్నారు, కోపం వచ్చే ముందు ఏం జరిగింది, ఆ రాత్రి నిద్ర ఎంత పట్టింది. డాక్టరు ముందు "అంతా మర్చిపోతున్నాడు" అని చెప్పే బదులు ఆ నోట్‌బుక్ తెరిచి పెట్టండి. రోజుకు గంటసేపు, రద్దీ లేని వేళ, పక్కన అత్తయ్య ఉండగా గల్లాపెట్టె దగ్గర కూర్చోబెట్టొచ్చా అని కూడా అడగండి.