స్థలం తర్వాత కొనొచ్చు, ముందు మూడు నెలల ఖర్చు పక్కన పెట్టండి

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. మాది ఖమ్మం జిల్లా. ప్రైవేటు స్కూలు ఆఫీసులో పని చేస్తాను, జీతం 11,000. మా ఆయన ఆటో నడుపుతారు, ఖర్చులు పోను నెలకు 13,000 దాకా తెస్తారు. ఆటో కిస్తీ 5,500, డ్వాక్రా లోను కిస్తీ 2,300, ఇంటి అద్దె 3,500. లక్ష రూపాయల చీటీకి నెలకు సుమారు 4,500 కడుతున్నాను, ఇంకా 11 నెలలు ఉంది. పాప ఇంటర్ మొదటి సంవత్సరం, బాబు ఎనిమిదో తరగతి. మా అమ్మమ్మ, అమ్మ కూలి పని చేసుకుంటూనే పోయారు. వాళ్లకంటూ గజం నేల లేదు. నా పిల్లలకి ఆ పరిస్థితి రాకూడదు. ఊరి బయట వెంచర్‌లో 100 గజాలు మూడున్నర లక్షలకి వస్తోంది. ఇప్పుడు రెండు లక్షలు కట్టి, మిగతాది ఆరు నెలల్లో కట్టాలి. చీటీ పాడితే 82,000 వస్తాయి. మైక్రోఫైనాన్స్ వాళ్లు 60,000 ఇస్తామంటున్నారు. గొలుసు బ్యాంకులో పెడితే ఇంకో 60,000. ఈ మూడింట్లో దేనికి వడ్డీ తక్కువ? నా అకౌంట్లో ప్రస్తుతం 6,000 ఉన్నాయి.

జవాబు: మీరు వడ్డీ గురించి అడిగారు. నాకు మాత్రం మీ లేఖలో చివరి లైను చూసి భయమేసింది. నలుగురున్న ఇంట్లో చేతిలో ఉన్నది 6,000. మీరు వేసిన లెక్కలో అది ఎక్కడా లేదు, ఏదో గుర్తొచ్చి చివర్లో రాసినట్టు ఉంది. నా దగ్గరికి వచ్చే ఆడవాళ్లలో చాలామంది చేసే పొరపాటు ఇదే కాబట్టి మీకు కాస్త వివరంగా, కాస్త కటువుగా కూడా జవాబిస్తున్నాను.

ముందు ఆరు నెలల్లో కట్టాల్సిన ఆ లక్షన్నర సంగతి. అంటే నెలకు 25,000. మీ ఇద్దరి సంపాదన కలిపితే 24,000. వెంచర్ ఏజెంటు ఈ లెక్క మీకు చెప్పడు, అది అతని పని కాదు. కానీ ఇంట్లో ఎవరో ఒకరు కాగితం మీద వేసి చూడాల్సింది. ఆరో నెలలో ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? ఫోన్లో లోన్ యాప్ నుంచో, వీధి చివర నూటికి ఐదు రూపాయల వడ్డీకి ఇచ్చే ఆయన దగ్గర నుంచో. నూటికి ఐదంటే ఏడాదికి 60 శాతం. ఆ వడ్డీకి అప్పు తెచ్చి కొన్న స్థలం మీ పిల్లలది అవుతుందా, ఆయనది అవుతుందా?

ఇప్పుడు మైక్రోఫైనాన్స్ సంగతి. 60,000 రెండేళ్లకి, 24 శాతం వడ్డీ అనుకుంటే నెలకు సుమారు 3,170 కట్టాలి. ప్రాసెసింగ్ ఫీజు వేరే. ఇప్పుడు మీకు కిస్తీలు, చీటీ, అద్దె పోను 8,200 మిగులుతోంది. ఈ లోను తీసుకుంటే 5,030. నలుగురి తిండి, గ్యాసు, కరెంటు, పిల్లల పుస్తకాలు, బస్సు పాసులు అన్నీ అందులోనే. గొలుసు మీద వడ్డీ ఇంకా కలపలేదు.

"మేం కట్టలేమనుకుంటే వాళ్లే అంత లోను ఇవ్వరు కదా" అని ఒకామె నాతో వాదించింది. ఇస్తారమ్మా. రిజర్వు బ్యాంకు 2022లో తెచ్చిన నిబంధన ప్రకారం ఏడాదికి 3 లక్షల దాకా ఆదాయమున్న ఇంటికి మైక్రోఫైనాన్స్ లోను ఇవ్వొచ్చు. ఆ ఇంటి అప్పుల కిస్తీలన్నీ కలిపి నెల ఆదాయంలో సగం దాటకూడదు. మీ ఆదాయంలో సగం 12,000. ఆటో, డ్వాక్రా, ఈ కొత్త లోను కలిపితే 10,970. రూల్ ప్రకారం మీరు పాసైపోయారు! మీ అద్దె, చీటీ ఆ లెక్కలోకి రావు. ఆ గీత అప్పు ఇచ్చేవాళ్లను అదుపులో పెట్టడానికి గీసింది. మీరు అక్కడి దాకా అప్పు చేయొచ్చని దానర్థం కాదు.

ఈ అప్పుల కథ మన రాష్ట్రాలకి కొత్తది కాదు. ఒక్కో ఇంట్లో మూడు నాలుగు కంపెనీల లోన్లు పేరుకుపోయి, వసూళ్ల ఒత్తిడికి ప్రాణాలు పోయాకే 2010 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మైక్రోఫైనాన్స్ కంపెనీలను అదుపు చేయడానికి ఆర్డినెన్స్ తెచ్చింది. ఆ రోజుల్లో ఒక మైక్రోఫైనాన్స్ గ్రూపు మీటింగు నేను కళ్లారా చూశాను. చాప మీద పది మంది ఆడవాళ్లు, మధ్యలో కిస్తీ పుస్తకాలు. ఒకామె రాలేదు. ఆమె కిస్తీ పడేదాకా ఎవరూ లేవడానికి లేదు. చివరికి తలా వంద వేసి ఆ రోజుకి గట్టెక్కారు. మరుసటి వారం ఆమె వచ్చింది. ఎవరూ ఆమెతో మాట్లాడలేదు. ఆమె మాత్రం అందరికీ వినపడేలా "బాబుకి జ్వరం" అంది, అంతే. కూతురి పెళ్లికో, ఇంటికో చేసిన పెద్ద అప్పు ఆమెకేమీ లేదు. పది రోజుల జ్వరం ఆమెని అక్కడ తల దించుకునేలా చేసింది.

మీరు అమ్మమ్మ గురించి, అమ్మ గురించి రాశారు. వాళ్లకి నేల లేకపోవడం నిజమే. కానీ ఒకసారి అమ్మ పడ్డ కష్టాల్ని తేదీల వారీగా గుర్తు చేసుకోండి. ఏ నెలలో అప్పు మొదలైంది? ఎవరికి ఒంట్లో బాగోలేదు? మిమ్మల్ని బడి మానిపించాలా అన్న మాట ఇంట్లో ఎప్పుడు వచ్చింది? నేను ఇలా అడిగినప్పుడు నూటికి తొంభై మంది ఏదో ఒక చెడ్డ నెల దగ్గరే ఆగుతారు. పేదరికం తల్లి నుంచి కూతురికి వచ్చేది ఆ నెలలోనే. ఆ నెల దాటడానికి చేసిన అప్పు, ఆ అప్పు తీర్చడానికి మానిపించిన చదువు.

స్థలం మాకూ ఉండేది. ఎనభై గజాలు, నాన్న పేరు మీద. ఆయనకి ఆపరేషన్ అన్నారు, వారంలో డబ్బు కావాలి. వారంలో అమ్మాలంటే బేరం కొనేవాడి చేతిలో ఉంటుంది. సగం ధరకి పోయింది. కొన్నాయన మంచివాడే, అమ్మకి వరసకి అన్న కూడా. అయినా సగమే ఇచ్చాడు. ఆ రోజు ఇంట్లో ఇరవై వేలు రొక్కం ఉండుంటే ఒక నెల ఆగేవాళ్లం, ఆ స్థలం ఇంకా మాదే అయ్యుండేది.

అందుకని ముందు ఎమర్జెన్సీ ఫండ్. మీ ఇంటికి నెలకి తప్పని ఖర్చు 19,500 దాకా ఉంది: రెండు కిస్తీలు, అద్దె, తిండి. మూడు నెలలకి గుండుగుత్తగా 60,000. "ఆరోగ్యశ్రీ కార్డుంది కదా మేడం" అంటారేమో. ఉండనివ్వండి, మంచిదే. ఆపరేషన్ ఖర్చు అందులో పోవచ్చు. కానీ మీ ఆయనకి టైఫాయిడ్ వచ్చి పదిహేను రోజులు ఆటో ఆగితే ఆ పదిహేను రోజుల సంపాదన ఏ కార్డూ ఇవ్వదు. రోజుకి 500 చొప్పున 7,500 పోయాయి, ఆటో కిస్తీ మాత్రం ఐదో తారీఖుకి ఠంచనుగా కట్ అవుతుంది. మీ 6,000 అక్కడితో సరి.

చీటీని మాత్రం స్థలం కోసం పాడకండి. రిజిస్టరైన కంపెనీ చీటీ అయితే చివరి దాకా ఉంచండి, లక్షకి దగ్గరగా చేతికొస్తుంది. కాలనీలో తెలిసినావిడ నడిపే చేతి చీటీ అయితే నాకంత ధైర్యం లేదు. పాట కాస్త తగ్గగానే పాడుకుని, మొత్తం బ్యాంకు డిపాజిట్‌లో వేసి, మిగిలిన వాయిదాలు జీతంలోంచే కట్టండి. ఎలా వచ్చినా ఆ డబ్బులో 60,000 ఎమర్జెన్సీకి. మిగిలింది పాప డిగ్రీ మొదటి ఫీజుకి. చీటీ అయిపోయాక నెలకి 4,500 ఖాళీ అవుతాయి కదా, వాటిని పోస్టాఫీసు ఆర్డీలో పాప పేరు చెప్పుకుని వేయండి. అమ్మమ్మ, అమ్మ వదిలి వెళ్లిన చోటు నుంచి మీ ఇంటిని దాటించగలిగేది ఆ పిల్ల చదువు. వెంచర్‌లో వంద గజాలు అందుకు సాటి రావు.

అప్పటి దాకా ఉన్న 6,000కి నెలకి వెయ్యి కలపండి. వెయ్యి కష్టమంటారు, తెలుసు. మీ ఆయనకి కిరాయిలు బాగా దొరికిన రోజున యాభై తీసి పక్కన పెట్టమనండి, నెలకి పది మంచి రోజులుంటే సగం అక్కడే వస్తుంది. ఈ డబ్బు పోపుల డబ్బాలో వద్దు. మా అమ్మ జీలకర్ర కింద దాచేది, ఇంట్లో అందరికీ తెలుసు, ఆమెకి మాత్రం ఎవరికీ తెలియదని నమ్మకం. మీ జీతం పడే అకౌంటు కాకుండా మీ ఒక్కరి పేరు మీద వేరే సేవింగ్స్ అకౌంటు తెరవండి. దానికి ఫోన్‌పేలు, గూగుల్‌పేలు కలపకండి. మీ ఆయనకి చెప్పకుండా దాచమని మాత్రం అనను. ఉందని చెప్పండి, ఎందుకో చెప్పండి. ఏటీఎం కార్డు మీ దగ్గర పెట్టుకోండి. పెళ్లిళ్లు, పండగలు, ఆడపడుచు ఇంట్లో గృహప్రవేశం ఇవేవీ ఎమర్జెన్సీలు కావు, వాటి తారీఖులు నెలల ముందే తెలుస్తాయి.

గొలుసుని దయచేసి ముట్టుకోకండి. ఎమర్జెన్సీ ఫండ్ తయారయ్యే దాకా మీ ఇంటికి ఉన్న ఒకే ఒక్క అండ అదే. ఒక రాత్రి ఆసుపత్రికి పరిగెత్తాల్సొస్తే మర్నాడు పొద్దున బ్యాంకులో గంటలో డబ్బు ఇచ్చేది ఆ గొలుసే. దాన్ని వెంచర్‌లో పెట్టేస్తే ఆ పొద్దున మీరు వడ్డీ వ్యాపారి గుమ్మం ముందు ఉంటారు.

ఇన్సూరెన్స్ గురించి రెండు ముక్కలు. మీ ఇద్దరికీ బ్యాంకులో ప్రధానమంత్రి జీవన్ జ్యోతి (జీవిత బీమా, ఏడాదికి 436), సురక్షా బీమా (ప్రమాద బీమా, ఏడాదికి 20) లేకపోతే ఈ వారమే చేయించండి. ఒక్కోదానికి 2 లక్షల కవర్. ఆటో మీద బతికే ఇంట్లో ఆ 20 రూపాయలది లేకపోవడం నాకు అర్థం కాని విషయం. మే నెలాఖర్లో డబ్బు కట్ అవుతుంది, అప్పుడు అకౌంట్లో బ్యాలెన్స్ ఉండేలా చూసుకోండి. మ్యూచువల్ ఫండ్లు, బంగారం స్కీములు ఇప్పుడు వద్దు. డ్వాక్రా లోను తొందరపడి తీర్చేయక్కర్లేదు, మీకున్న అప్పుల్లో చవకైనది అదే, కిస్తీ మాత్రం తప్పకండి.

స్థలం ఎప్పుడూ వద్దని కాదు. ఫండ్ పూర్తయి, ఆటో కిస్తీ తీరాక ఆ 5,500తో మొదలుపెట్టండి. అప్పుడు కూడా డీటీసీపీ (ప్రభుత్వ టౌన్ ప్లానింగ్ శాఖ) అప్రూవల్ లేని లేఅవుట్ జోలికి వెళ్లకండి.

టోకెన్ కింద ఏమైనా ఇచ్చారేమో మీరు రాయలేదు. ఇచ్చుంటే రసీదు పట్టుకుని వెళ్లి వెనక్కి అడగండి, ఇవ్వకపోతే ఐదో పదో వేలు పోయాయనుకుని వదిలేయండి, ఆ ఐదు వేల కోసం మూడున్నర లక్షల్లో దిగకండి. మైక్రోఫైనాన్స్ వాళ్లు ఇల్లు వెతుక్కుంటూ మళ్లీ వస్తారు, పక్కింటావిడని వెంటబెట్టుకుని మరీ వస్తారు. ఆధార్ జిరాక్సు అడిగితే ఇవ్వకండి. "గ్రూపులో ఒక్కరు తక్కువయ్యారు, నువ్వొస్తే మా అందరికీ లోను వస్తుంది" అని ఆవిడ బతిమాలినా సరే.