సమాధానం: ఇరవై దాకా చెబుతుంది, నాలుగు ఇమ్మంటే ఇవ్వలేదు

మీ నాలుగేళ్ల పాప ఇరవై దాకా గడగడా చెప్పేస్తుంది, నాలుగు గుండీలు ఇమ్మంటే మాత్రం గుప్పెడు తీసిస్తోందని రాశారు. టెన్షన్ పడకండి, ఈ వయసులో మామూలే. అంకెలు అప్పజెప్పడం వేరు, చివర పలికిన అంకే మొత్తమని తెలియడం వేరు. రెండోది నెమ్మదిగా వస్తుంది.

కొన్నాళ్లు ఇరవై జోలికి పోకండి. మూడు గుండీలు పెట్టి, ముందే "ఇవి మూడు" అనండి. తర్వాత ఒక్కొక్కటీ పక్కకి జరుపుతూ లెక్కపెట్టి, మళ్లీ "మూడు" అనండి. జరపడం ముఖ్యం, లేకపోతే ఒకే గుండీని రెండుసార్లు లెక్కపెడతారు. ఆ తర్వాత "రెండివ్వు", "మూడివ్వు" అని అడగండి. ఎక్కువ ఇస్తే తప్పు అనకుండా "సరిచూద్దామా?" అంటే చాలు. మూడు కుదిరాకే నాలుగు.

అంకెలు నేర్పే యాప్ గురించి కూడా అడిగారు, నన్నడిగితే ఇప్పుడే వద్దు. దానికంటే చుక్కల పాచిక నయం.