పాత ఇళ్లు కూల్చకుండా వీధిలోవాళ్లు ఆపగలరా? లివర్‌పూల్‌లో నేను చూసింది

మీరు అడిగింది ఇది: మీ వీధిలో వందేళ్లు దాటిన ఇళ్లు చాలా ఉన్నాయి, వాటిలో సగానికి తాళాలే, శిథిలమైపోయాయని చెప్పి అన్నిటినీ కలిపి కూల్చేయాలని చూస్తున్నారు, పలుకుబడి లేని మామూలు జనం దాన్ని ఆపగలరా, అలా ఆపినవాళ్లు ఎక్కడైనా ఉన్నారా అని.

ఉన్నారు. ఉద్యోగం కోసం మేం కొన్నేళ్లు ఇంగ్లండ్‌లో, లివర్‌పూల్‌లో ఉన్నాం. మేం అద్దెకున్న ఇంటి నుంచి నడిచి వెళ్లేంత దూరంలో టాక్స్‌టెత్ అనే పేట ఉంది. అక్కడ ఒకదానికొకటి దగ్గర్లోనే ఉన్న రెండు చోట్ల, గ్రాన్‌బీ నాలుగు వీధుల్లోనూ వెల్ష్ స్ట్రీట్స్‌లోనూ, జనం ఈ పోరాటమే చేశారు. రెండు చోట్లా ఇళ్లు నిలిచాయి. కానీ నిలిచిన ఇళ్లు చివరికి ఎవరి చేతికి వచ్చాయన్న దగ్గర రెండూ వేరు. మీరు ఇప్పటి నుంచే ఆలోచించాల్సింది ఆ సంగతే అని నా అభిప్రాయం. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

అవి విక్టోరియా రాణి కాలంలో మొదలైన తరహా వరుస ఇళ్లు. ఎర్రటి ఇటుక, పైన స్లేటు రాతి పలకలు, వీధిలోకి కాస్త ముందుకొచ్చిన కిటికీలు, ఇంటికీ ఇంటికీ మధ్య ఒకటే గోడ. వెల్ష్ స్ట్రీట్స్‌ని రిచర్డ్ ఓవెన్స్ అనే వేల్స్ ఆర్కిటెక్ట్ గీసిన ప్లాన్ల ప్రకారం వేల్స్ నుంచి వచ్చిన పనివాళ్లు కట్టారు. వీధుల పేర్లు కూడా అక్కడివే. గ్రాన్‌బీ స్ట్రీట్ ఒకప్పుడు పెద్ద బజారు. కరీబియన్, సోమాలీ, యెమెనీ కుటుంబాలు, తరతరాలుగా అక్కడే పుట్టి పెరిగిన నల్లజాతి కుటుంబాలు, అందరూ ఆ చుట్టుపక్కలే ఉండేవాళ్లు.

1981 జూలైలో ఆ పేటలో పోలీసులకీ జనానికీ మధ్య పెద్ద ఘర్షణలు జరిగాయి. ఆ తర్వాత పెట్టుబడులు ముఖం చాటేశాయి. అప్పటి ఆర్థికమంత్రి జెఫ్రీ హౌ అయితే, లివర్‌పూల్‌ని మెల్లగా తగ్గిపోనివ్వడమనే దారిని కూడా కొట్టిపారేయకూడదని ప్రధాని థాచర్‌కి సూచించారు. ముప్పై ఏళ్లు గడిచాక, 2011 చివర్లో, ఆ కాగితాలు బయటికొచ్చాయి. ఈ మధ్యలో 2002లో ప్రభుత్వం పాత్‌ఫైండర్ అనే కార్యక్రమం పెట్టింది. ఉత్తర, మధ్య ఇంగ్లండ్‌లో ఇళ్ల ధరలు పడిపోయిన తొమ్మిది ప్రాంతాలు ఎంచుకుని, పాత ఇళ్లు కొన్ని బాగుచేసి, చాలావాటిని కూల్చి కొత్తవి కట్టడం దాని పద్ధతి.

ఇల్లు దానంతటదే ఎలా "శిథిలం" అవుతుందో అక్కడ దగ్గర నుంచి చూశాను. ఒక ఇల్లు ఖాళీ అవుతుంది. కొన్నవాళ్లు తలుపులకీ కిటికీలకీ రేకులు బిగించి వెళ్లిపోతారు. కప్పు అంచున వాన నీళ్లు పట్టే గట్టర్‌లో ఆకులు పేరుకుంటాయి. వాన నీళ్లు గొట్టంలోకి పోకుండా గోడ మీదుగా కారతాయి. గోడలోకి దూర్చిన దూలం చివర మొదట కుళ్లుతుంది, తర్వాత పై అంతస్తు కూలి కింద పడుతుంది. ఉమ్మడి గోడ కాబట్టి చెమ్మ పక్కింట్లోకీ వస్తుంది. పక్కింటివాళ్లు ఎన్నాళ్లని భరిస్తారు? వాళ్లూ వచ్చిన ధరకి అమ్ముకుని పోతారు, ఆ ఇంటికీ రేకులు పడతాయి. కొన్నేళ్లకి అధికారులు వచ్చి, ఈ వీధి ఇక బాగుపడే పరిస్థితిలో లేదని నివేదిక రాస్తారు. ఆ నివేదికలో అబద్ధం ఏమీ ఉండదు. ఆ పరిస్థితి ఎలా వచ్చిందన్న ముక్క మాత్రం ఉండదు.

అందుకే మీరు మొదట చేయాల్సిన పని ఒకటి చెప్తాను. మీ వీధిలో తాళాలేసిన ఇళ్లు ఎవరి పేరున ఉన్నాయో, ఎప్పుడెప్పుడు చేతులు మారాయో రాసిపెట్టుకోండి. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ (ఆస్తి ఎప్పుడు ఎవరి చేతికి మారిందో చూపే కాగితం) తీయిస్తే చాలావరకు తెలుస్తుంది. ఇల్లింటికీ ఫొటోలు తీసి తేదీ వేసి దాచండి. రేపు ఎవరైనా ఇవి ఎప్పటి నుంచో ఇలాగే ఉన్నాయంటే, మీ దగ్గర జవాబు ఉండాలి.

డబ్బు లెక్క కూడా ఒకటుంది. బ్రిటన్‌లో కొత్త ఇల్లు కడితే వ్యాట్ సున్నా. పాత ఇల్లు బాగుచేయిస్తే మామూలుగా 20 శాతం. కొన్నేళ్లు ఖాళీగా ఉన్న ఇంటికి తగ్గింపు ఉంటుంది గానీ, మొత్తం మీద చూస్తే కూల్చి కట్టేవాడికే పన్ను కలిసొస్తుంది. బాగుచేయడం గిట్టుబాటు కాదని ఎవరైనా లెక్క చూపిస్తే, ఆ లెక్కలో పన్నులు, రాయితీలు ఏ వైపు మొగ్గుతున్నాయో అడగండి. మన దగ్గరా ఈ ప్రశ్న అడగాల్సిందే.

ఇక గ్రాన్‌బీ సంగతి. చుట్టూ ఉన్న వీధులు ఒక్కొక్కటే పోయి చివరికి నాలుగు మిగిలాయి: బీకన్స్‌ఫీల్డ్, కెయిర్న్స్, జెర్మిన్, డ్యూసీ. వాటిలోనూ ఎక్కువ ఇళ్లకి రేకులే. మిగిలిన కొద్దిమందిలో ముందుకొచ్చి నిలబడ్డవాళ్లు ఎక్కువగా ఆడవాళ్లే. ఏళ్ల తరబడి మీటింగులకి తిరిగి విసిగిపోయి, చీపుళ్లు పట్టుకుని వీధి ఊడవడం మొదలుపెట్టారు. తర్వాత మొక్కలు పెట్టారు. నేను మొదటిసారి కెయిర్న్స్ స్ట్రీట్‌లోకి అడుగుపెట్టేసరికి ఫుట్‌పాత్ పొడుగునా కుండీలు, పాత డబ్బాల్లో పూలు, గోడలకి పాకిన తీగలు. మూసేసిన కిటికీల మీద కర్టెన్లు, గుమ్మంలో పూలకుండీ, అన్నీ రంగులతో వేసిన బొమ్మలు. దూరం నుంచి చూస్తే లోపల ఎవరో కాపురం ఉంటున్నట్టే అనిపిస్తుంది. దగ్గరికెళ్లి పైకి చూస్తే కప్పులో కన్నం, అందులోంచి ఆకాశం.

నెలకోసారి శనివారం అదే వీధిలో సంత పెట్టేవాళ్లు. పాత బట్టలు, కేకులు, కరీబియన్ కూరలు, మొక్కల నారు. మా ఆవిడ కూడా పులిహోర, మిరపకాయ బజ్జీలు చేసి ఒక బల్ల పెట్టింది. బజ్జీల ఘాటుకి కళ్లనీళ్లు పెట్టుకుంటూనే మళ్లీ అడిగి తిన్నారు. పిటిషన్ మీద సంతకం పెట్టడానికి ఎప్పుడూ రానివాళ్లు ఆ సంతకి వచ్చారు. వచ్చినవాళ్లు వీధిని కళ్లారా చూసి వెళ్లారు. చచ్చిపోయిన వీధి అని కాగితం మీద ఎంత రాసినా, నెలకోసారి అంత జనం తిరిగే వీధి గురించి ఆ మాట నమ్మించడం కష్టం. ఉద్యమం అనగానే మనకి ధర్నాలు, వినతిపత్రాలు గుర్తొస్తాయి. అవీ కావాలి. కానీ ఏళ్లు పట్టే పోరాటంలో జనం అలిసిపోకుండా ఉండాలంటే, వాళ్లు సంతోషంగా కలుసుకునే పని ఒకటి ఉండి తీరాలి. వినాయక చవితి పందిరి వేసుకునే వీధి మనది, ఆ విద్య మనకి కొత్తేమీ కాదు.

2011లో పాత్‌ఫైండర్ ఆగిపోయింది. ఆ సంవత్సరమే గ్రాన్‌బీ జనం కమ్యూనిటీ ల్యాండ్ ట్రస్ట్ పెట్టుకున్నారు. అంటే స్థలం, ఇల్లు ఒక వ్యక్తి పేరున కాకుండా ఆ పేటవాళ్లే నడిపే సంస్థ పేరున ఉంటాయి, దాన్ని లాభానికి అమ్ముకోవడం కుదరదు. నగర కౌన్సిల్‌తో (అక్కడి మునిసిపాలిటీ) ఎన్నో బేరాల తర్వాత కెయిర్న్స్ స్ట్రీట్‌లో 10 ఇళ్లు ఈ ట్రస్టు చేతికొచ్చాయి. మరికొన్ని ఇళ్లు హౌసింగ్ అసోసియేషన్లు, అంటే లాభం చూసుకోకుండా ఇళ్లు అద్దెకిచ్చే సంస్థలు, తీసుకున్నాయి. ట్రస్టు ఇళ్లకి లండన్‌లోని అసెంబుల్ అనే యువ బృందం డిజైన్లు చేసింది. కూలిన ఇటుక, స్లేటు ముక్కలని పారేయకుండా కాంక్రీటులో కలిపి పొయ్యి గూళ్ల చుట్టూ బిగించే పలకలు పోశారు. ఈ పనికే 2015 డిసెంబర్‌లో అసెంబుల్‌కి టర్నర్ ప్రైజ్ వచ్చింది. బ్రిటన్‌లో పేరున్న కళాకారులకిచ్చే బహుమతి, ఒక పేదపేటలో ఇళ్ల మరమ్మతుకి! పేపర్లన్నీ ఆ బృందం గురించే రాశాయి. అది న్యాయమే, కానీ వాళ్లు వచ్చేనాటికి ఆ వీధి ఇంకా నిలిచి ఉండటానికి కారణం అంతకుముందు ఏళ్ల తరబడి చీపురు పట్టిన ఆడవాళ్లు. లోపలి అంతస్తులు పూర్తిగా పోయిన రెండు ఇళ్లని ఇళ్లుగా కట్టకుండా, పైన అద్దాల కప్పు వేసి లోపల చెట్లు పెంచారు. వింటర్ గార్డెన్ అని పేరు, 2019లో తెరిచారు. పేటవాళ్లు కలుసుకోవడానికి పెట్టిన చోటు అది.

వెల్ష్ స్ట్రీట్స్ పోరాటానికి పేరు తెచ్చింది వేరే సంగతి. బీటిల్స్ బృందంలో డ్రమ్స్ వాయించిన రింగో స్టార్ 1940లో పుట్టింది అక్కడే, మాడ్రిన్ స్ట్రీట్ 9వ నంబరు ఇంట్లో. అభిమానులు ప్రపంచం నలుమూలల నుంచీ వచ్చి మూసేసిన ఆ ఇంటి మీద తమ పేర్లు రాసి వెళ్లేవాళ్లు. ఒక్క ఆ ఇల్లు ఉంచి మిగతావి కూల్చుతామన్న మాట కూడా వచ్చింది. నివాసులు కొందరు ఒప్పుకోలేదు. సేవ్ బ్రిటన్స్ హెరిటేజ్ అనే సంస్థ 2011లో అదే వీధిలో 21వ నంబరు ఇల్లు కొనేసింది. నాకు చాలా నచ్చిన ఎత్తు ఇది. వీధిలో మనకంటూ ఒక ఇల్లు ఉంటే బయటివాళ్లు అంటూ మనల్ని పక్కకి నెట్టడం కుదరదు, పైగా ఆ ఇల్లు బాగుచేసి చూపిస్తే బాగుచేయడం అసాధ్యమన్న వాదనకి అక్కడే సమాధానం దొరుకుతుంది. 2014లో బహిరంగ విచారణ జరిగింది. 2015 జనవరిలో అప్పటి మంత్రి ఎరిక్ పికిల్స్ కూల్చివేతకి అనుమతి నిరాకరించారు. తర్వాత ప్లేస్‌ఫస్ట్ అనే కంపెనీ ముందు వోయిలాస్ స్ట్రీట్‌లో కొన్ని ఇళ్లు బాగుచేసి చూసి, తర్వాత మిగతా వీధుల్లోకీ వెళ్లింది. ఇప్పుడు ఆ ఇళ్లలో మనుషులున్నారు.

తేడా ఇక్కడే ఉంది. వెల్ష్ స్ట్రీట్స్‌లో ఇటుకలు దక్కాయి, ఇళ్లు ఒక ప్రైవేటు కంపెనీ అద్దెకిచ్చేవి అయ్యాయి. గ్రాన్‌బీలో ట్రస్టు కొన్ని ఇళ్లు పేటవాళ్లు భరించే అద్దెకి ఇచ్చింది, కొన్ని అమ్మింది, అమ్మిన ఇళ్లు మళ్లీ అమ్మేటప్పుడు కూడా ధర అక్కడివాళ్ల ఆదాయానికి ముడిపడేలా షరతు పెట్టింది. రెండో పద్ధతిలో ఇళ్లు తక్కువ, శ్రమ ఎక్కువ. అయినా నా ఓటు దానికే.

ఇంకో మాట. వెల్ష్ స్ట్రీట్స్‌లో కూల్చివేతనే కోరుకున్న కుటుంబాలూ ఉన్నాయి. చెమ్మ పట్టిన గదుల్లో పిల్లల్ని పెంచుతూ, కొత్త ఇల్లు ఇస్తామంటే ఎవరు మాత్రం వద్దంటారు? వాళ్లని ద్రోహులుగా చూసినప్పుడల్లా ఉద్యమం బలహీనపడింది. మీ వీధిలోనూ అలాంటి అద్దెవాళ్లు, వాటాల కోసం ఎదురుచూసే వారసులు ఉంటారు. ముందు వాళ్ల గుమ్మం తొక్కండి. వాళ్లకి కావాల్సింది చెమ్మ లేని గది, చేతికొచ్చే వాటా అయితే, అది కూల్చకుండా ఎలా ఇవ్వొచ్చో మీ దగ్గర లెక్క ఉండాలి.

మన దగ్గర ఉదాహరణ కావాలంటే ఎర్రమంజిల్ ఉంది. నవాబ్ ఫక్రుల్‌ముల్క్ కట్టించిన ఆ భవనాన్ని కూల్చి కొత్త అసెంబ్లీ కట్టాలని 2019 జూన్‌లో తెలంగాణ మంత్రివర్గం నిర్ణయించింది. వారసులు, నగరవాసులు కోర్టుకెళ్లారు. సెప్టెంబర్ 16న హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. ఆ భవనం ఎప్పుడో హైదరాబాద్ వారసత్వ కట్టడాల జాబితాలోకి ఎక్కి ఉండటం కేసుకి పెద్ద బలమైంది. జాబితాలో లేని మామూలు ఇళ్లకి ఆ రక్షణ ఉండదు, అక్కడ వీధివాళ్ల బలమే ఎక్కువ పనిచేస్తుంది.

కాబట్టి మీ ఇళ్లు జాబితాలో ఉన్నాయో లేవో ఈ వారంలోనే కనుక్కోండి. ఆలోగా వానలు మొదలవకముందే, యజమానుల అనుమతి తీసుకుని, ఖాళీ ఇళ్ల పెంకులు సర్దించి, నీటి గొట్టాల్లో చెత్త తీయించి, కన్నాలున్న చోట టార్పాలిన్ కప్పించండి. గోడల్లో మొలిచిన రావి మొక్కల్ని వేళ్లతో సహా తీయించండి. నలుగురూ చందా వేసుకుంటే అయ్యే ఖర్చే అది. కోర్టు వాయిదాలు ఏళ్లు నడుస్తాయి, కప్పు మాత్రం అన్ని వానాకాలాలు ఆగదు. జాబితా సంగతి తెలిశాక ఇక్కడే రాయండి. ట్రస్టు పెట్టుకోవడం గురించి అప్పుడు వివరంగా చెప్తాను.